చెయ్యి తిరిగేకొద్దీ గంటలు ఎంత తగ్గుతాయి?

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డు ఉందనుకుందాం. గేట్లు, గ్రిల్స్, చిన్నాచితకా రిపేర్లు చేసుకునే ఆ షెడ్డుకు ఒకే కొలతలున్న ట్రాక్టర్ ట్రక్కులు 16 కావాలంటూ ఒక పార్టీ వచ్చింది. యజమాని తొందరపడకుండా ముందు ఒక ట్రక్కు చేయించి చూశాడు. షీటు కటింగ్, బెండింగ్, ఛాసిస్ వెల్డింగ్, డబ్బా బిగింపు, గ్రైండింగ్, పెయింటింగ్ అన్నీ కలిపి 100 పనిగంటలు పట్టింది. అంటే అయిదుగురు మనుషులు రోజుకు ఎనిమిది గంటల చొప్పున రెండున్నర రోజులు. ఇప్పుడు మొత్తం 16 ట్రక్కులకూ కూలి ఎంత వేసుకోవాలి?

ఇలాంటి చోట మామూలుగా రెండు రకాల లెక్కలు వినిపిస్తాయి. ఒకటి, 100ని 16తో గుణించి 1,600 గంటలు అనడం. రెండోది, 'అలవాటు పడితే సగం టైమే పడుతుందిలే' అనుకుని 800 గంటలు వేయడం. పనిగంటకు సగటున రూ.150 కూలి అనుకుంటే ఈ రెండింటి మధ్య తేడా రూ.1,20,000. మొదటి లెక్క వేసినవాడి చేతికి ఆర్డర్ రాదు, పక్క షెడ్డువాడు ఎగరేసుకుపోతాడు. రెండో లెక్క వేసినవాడికి ఆర్డర్ వస్తుంది, చివర్లో కూలి డబ్బులు చేతినుంచి పెట్టుకోవాల్సి వస్తుంది. చెయ్యి తిరిగేకొద్దీ పని వేగం పెరుగుతుందని ఇద్దరికీ తెలుసు. ఎంత పెరుగుతుందో కొలవడమే ఇద్దరూ చేయలేదు.

ఆ కొలతకే లెర్నింగ్ కర్వ్ అని పేరు. దీన్ని లెక్కగా మొదట రాసినవాడు అమెరికా విమాన ఇంజినీరు థియోడోర్ పాల్ రైట్. విమానం కనిపెట్టిన రైట్ సోదరులకు ఈయన బంధువు కాడు. కర్టిస్-రైట్ సంస్థలో పనిచేస్తూ, విమానాల తయారీ ఖర్చుపై 1936లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఆయన గమనించిన విషయం చెప్పుకోవడానికి చాలా తేలిక. తయారైన విమానాల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ, ఒక్కో విమానానికి పట్టే సగటు పనిగంటలు దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గుతున్నాయి. ఆయన లెక్కలో ఆ నిష్పత్తి 80 శాతం. అంటే ప్రతి రెట్టింపుకూ 20 శాతం తగ్గుదల.

ఇక్కడ పట్టుకోవాల్సిన మాట 'రెట్టింపు'. తగ్గుదల ప్రతి పీసుకూ సమానంగా ఉండదు. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి నాలుగుకు, నాలుగు నుంచి ఎనిమిదికి, ఎనిమిది నుంచి పదహారుకు పడే మెట్లు ఇవి. మొదటి మెట్టు దిగడానికి ఒక్క పీసు చాలు. నాలుగో మెట్టు దిగాలంటే ఎనిమిది పీసులు చేయాలి. అందుకే మొదటి వారంలో కనిపించిన వేగం చూసి, అదే ఊపు చివరిదాకా ఉంటుందనుకున్న అంచనా తలకిందులవుతుంది.

మన షెడ్డుకు 85 శాతం కర్వ్ వర్తిస్తుందనుకుందాం. మొదటి ట్రక్కుకు 100 గంటలైతే రెండోదానికి 85, నాలుగోదానికి 72, ఎనిమిదోదానికి 61, పదహారోదానికి 52 గంటలు. మధ్యలో ఉన్నవాటికి కూడా లెక్క ఉంది. వరుస సంఖ్యకు ఒక ఘాతం వేసి మొదటి పీసు గంటలతో గుణించాలి. 85 శాతం కర్వ్‌కు ఆ ఘాతం మైనస్ 0.234. 0.85 లాగరిథమ్‌ను 2 లాగరిథమ్‌తో భాగిస్తే వచ్చేది అదే. ఫోన్‌లో ఎక్సెల్ ఉంటే పది నిమిషాల పని. మూడోది 77 గంటలు, అయిదోది 69, పదోది 58 అలా వస్తాయి. పదహారింటినీ కూడితే 1,038 గంటలు. మొదటి లెక్క కంటే 562 గంటలు తక్కువ, అంటే ట్రక్కుకు రూ.5,000కు పైగా కొటేషన్ తగ్గించుకునే వీలుంది. రెండో లెక్క కంటే 238 గంటలు ఎక్కువ, అంటే రూ.35,700 నష్టం తప్పింది.

అయితే 'మాది 85 శాతం కర్వ్' అని ఎవరైనా అన్నప్పుడు అది ఏ లెక్కలో అన్నది అడిగి తీరాలి. రైట్ చెప్పింది సగటు గంటల గురించి. తర్వాత 1940లలో లాక్‌హీడ్ సంస్థకు చెందిన క్రాఫర్డ్ అదే సూత్రాన్ని ఒక్కో పీసు గంటలకు వర్తింపజేశాడు. పైన వేసింది క్రాఫర్డ్ పద్ధతి. అదే 85 శాతాన్ని రైట్ పద్ధతిలో వాడితే, 16 ట్రక్కుల సగటే 52 గంటలకు వచ్చేస్తుంది. మొత్తం 835 గంటలు. మాట ఒకటే, అంకె ఒకటే, తేడా 203 గంటలు. పాఠ్యపుస్తకంలో ఒక పద్ధతి, ఇంటర్నెట్‌లో దొరికిన పట్టికలో ఇంకో పద్ధతి ఉండి, రెండూ కలిపి వాడేసేవాళ్లు ఎక్కువ. చిన్న షెడ్డు లాభం మొత్తం ఆ తేడాలో కొట్టుకుపోతుంది.

ఇంతకంటే ముందే జరిగే పొరపాటు ఒకటుంది. మొదటి ట్రక్కుకు పట్టిన 100 గంటల్లో అసలు ట్రక్కు పని ఎంత? డ్రాయింగ్ అర్థం చేసుకోవడం, ఛాసిస్ కదలకుండా పట్టుకునే ఫిక్చర్ తయారు చేసుకోవడం, కొలతలు మార్క్ చేసుకోవడానికి రేకు నమూనాలు కోసుకోవడం ఒక్కసారే ఉండే పనులు. వాటికి 20 గంటలు పోయాయనుకుంటే, కర్వ్ మొదలవ్వాల్సింది 80 దగ్గర. అప్పుడు 16 ట్రక్కులకు 831 గంటలు, ఫిక్చర్ పనికి విడిగా 20, మొత్తం 851. మొదటి అంకె మిగతా అన్నిటినీ గుణిస్తుంది కాబట్టి, దాన్ని శుభ్రంగా కొలవకపోతే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా ప్రయోజనం లేదు. ఇక్కడి నుంచి ముందుకు లెక్క సులువుగా సాగడానికి ఆ 100 గంటలూ నికరంగా ట్రక్కు పనే అనుకుందాం.

85 అనే శాతం మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? పనిలో మనిషి చెయ్యి ఎంత, యంత్రం ఎంత అన్నదాన్ని బట్టి ఒక స్థూలమైన అంచనా ఉంది. ముప్పాతిక వంతు చేతిపని, పావు వంతు యంత్రం అయితే 80 శాతం. సగం సగం అయితే 85. ముప్పాతిక వంతు యంత్రం అయితే 90. ఇది మొదటి అంచనాకు పనికొస్తుందే గానీ కొటేషన్ వేయడానికి సరిపోదు. 16 ట్రక్కులకు 80 శాతం అయితే 892 గంటలు, 90 శాతం అయితే 1,204 గంటలు. ఇంత వెడల్పున్న అంచనాను తగ్గించాలంటే, మొదటి నాలుగైదు పీసుల గంటలు రాసుకుని సొంత శాతం కనుక్కోవాలి. ఇంజినీరింగ్ విద్యార్థులు వాడే లాగ్-లాగ్ గ్రాఫ్ కాగితం మీద ఆ అంకెలు పెడితే దాదాపు సరళరేఖ వస్తుంది. ఆ రేఖ ఎంత వాలిందన్నదే అసలు సమాధానం. ఒక్క జత అంకెలు చూసి శాతం తేల్చేయకూడదు. రెండో ట్రక్కు రోజున కరెంటు పోయి ఉండొచ్చు, మూడో ట్రక్కు రోజున గ్యాస్ సిలిండర్ రాక మనుషులు ఖాళీగా కూర్చుని ఉండొచ్చు.

ప్రకాశం జిల్లా చీమకుర్తి వైపు చూస్తే ఈ చెయ్యి, యంత్రం తేడా బాగా అర్థమవుతుంది. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బ్లాకును పలకలుగా కోసే పెద్ద రంపపు యంత్రాలు తమ వేగంతోనే దిగుతాయి. ఆపరేటర్‌కు పదేళ్ల అనుభవం ఉన్నా రాయి గట్టిదనం మారదు, బ్లేడు దిగే వేగాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచలేం. అక్కడ నేర్పు కనిపించేది బ్లాకును సరిగ్గా ఎక్కించడంలో, బ్లేడ్లు మార్చే సమయం తగ్గించడంలో, పగుళ్లు ముందే గుర్తించి పలకలు విరగడం తగ్గించడంలో. కాబట్టి కోతకు 80 శాతం కర్వ్ వేస్తే అది అంచనా కాదు, ఆశ. అదే ఫ్యాక్టరీలో అంచులు చేత్తో గుండ్రంగా తీర్చే పనికీ, కొత్త సైజుల ప్యాకింగ్‌కూ కర్వ్ బాగానే పనిచేస్తుంది. ఒకే ఫ్యాక్టరీకి ఒకే శాతం వేయకుండా, పనిని విడగొట్టి దేని శాతం దానికి వేయడం మేలు.

నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క చెంచాల పని దీనికి పూర్తిగా అటు చివర. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చెంచాలు, ఫోర్కులు చేతి నైపుణ్యం మీదే తయారవుతాయి. అలాగని కొత్త డిజైన్ ఆర్డర్ వస్తే అక్కడ కర్వ్ నిటారుగా పడిపోతుందని అనుకోకూడదు. ఏళ్ల తరబడి చెంచాలు చెక్కిన చేతికి కొత్త రకం ఫోర్కు మొదటి పీసు నిజంగా మొదటిది కాదు. పాత అనుభవం కొన్ని పీసుల విలువ చేస్తుంది. అంచనా నిపుణులు ఇలాంటప్పుడు వరుస సంఖ్యకు కొంత కలిపి, అయిదో పీసు నుంచో ఎనిమిదో పీసు నుంచో లెక్క మొదలుపెడతారు. మొదటి పీసే వేగంగా వస్తుంది, కానీ తర్వాత తగ్గేది తక్కువ.

రొయ్యల ప్రాసెసింగ్‌లో ఇంకో చిక్కు. రెండు జిల్లాల తీరంలో ఉన్న ప్లాంట్లలో తల తీసి, పొట్టు తీసే పనికి కొత్తగా చేరిన మహిళ మొదటి వారంలో గంటకు చేసే కేజీలకూ, నెల తర్వాత చేసే కేజీలకూ చాలా తేడా ఉంటుంది. ఇది కర్వ్‌కు బాగా సరిపోయే పని. కానీ మొదటి వారం 40 కౌంట్ రొయ్య వచ్చి, తర్వాత 100 కౌంట్ వస్తే? కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు అని. చిన్న రొయ్య అయితే అదే కేజీకి రెండున్నర రెట్లు ఎక్కువ రొయ్యలు వలవాలి. కేజీల లెక్క మాత్రమే చూసే సూపర్‌వైజర్‌కు ఆ మహిళ పని మందగించినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆమె చెయ్యి ఇంకా వేగం పుంజుకుని ఉండొచ్చు. సరుకు మారినప్పుడు పోలిక చెల్లదు. ఆ ముక్క రిజిస్టర్‌లో లేకపోతే మాట పడేది కూలి మనిషి.

ఇక డబ్బు లెక్కలో అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు, కర్వ్‌ను మొత్తం ఖర్చుకు వేసేయడం. మన ట్రక్కుకు ఇనుము, ఇరుసు, టైర్లు, పెయింట్ అన్నీ కలిపి రూ.1,50,000 అనుకుందాం. మొదటి ట్రక్కు కూలి రూ.15,000. మొత్తం రూ.1,65,000. పదహారో ట్రక్కుకు కూలి రూ.7,830కి తగ్గుతుంది, సరుకు ఖర్చు తగ్గదు. మొత్తం రూ.1,57,830. దీనికి బదులు మొత్తం ఖర్చుకే 85 శాతం కర్వ్ వేస్తే పదహారో ట్రక్కు రూ.86,130కి వస్తుందని తేలుతుంది. ఇనుము డబ్బులే రావు. ఇంత దారుణంగా ఎవరూ వేయరని అనిపించవచ్చు గానీ, 'వాల్యూమ్ పెరిగితే రేటు తగ్గాలి కదా' అని కొనేవాడు గట్టిగా బేరమాడినప్పుడు జరిగేది చిన్న మోతాదులో ఇదే. షీటు వృథా తగ్గడం వల్ల సరుకు ఖర్చులో కొద్దిగా మిగలొచ్చు. ఎక్కువ టన్నులు కొంటే డీలర్ రేటు తగ్గించవచ్చు. అది డిస్కౌంట్, నేర్పు కాదు. రెండూ వేర్వేరు వరుసల్లో రాసుకోవాలి.

1960లలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ ఈ సూత్రాన్నే మొత్తం ఖర్చుకు, మొత్తం పరిశ్రమకు విస్తరించి ఎక్స్‌పీరియన్స్ కర్వ్ అని ప్రచారం చేసింది. సోలార్ ప్యానెళ్ల ధర ప్రపంచ ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ సుమారు 20 శాతం తగ్గుతూ రావడం దానికి బాగా తెలిసిన ఉదాహరణ. అందులో కొత్త టెక్నాలజీ, పెద్ద ఫ్యాక్టరీలు, పోటీ అన్నీ కలిసి ఉన్నాయి. అయిదుగురు మనుషులున్న షెడ్డుకు ఆ అంకె తెచ్చి పెట్టకూడదు.

గంటల తగ్గుదల అంతా నేర్పు వల్లే అనుకోవడం కూడా తప్పే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడలను లెర్నింగ్ కర్వ్‌కు గొప్ప నిదర్శనంగా చెబుతారు. మొదటి ఓడకు 244 రోజులు పడితే, తర్వాత సగటున ఆరు వారాల్లో ఓడ తయారయ్యే స్థితికి వచ్చారు. మొత్తం 2,710 ఓడలు కట్టారు. కానీ యుద్ధం నడుస్తుండగానే షిప్‌యార్డుల్లో క్రేన్లు, యంత్రాల మీద భారీగా పెట్టుబడి పెట్టారని, ఆ వేగంలో కొంత భాగం దానిదేనని తర్వాత జరిగిన అధ్యయనాలు తేల్చాయి. ఆ తొందరలో కొన్ని ఓడల ఒళ్లు పగుళ్లిచ్చిన సంగతి కూడా ఉంది. షెడ్డులో కొత్త కటింగ్ మిషన్ కొన్న నెలలో గంటలు తగ్గితే, ఆ తగ్గుదలను మిషన్ ఖాతాలో రాయాలి. వెల్డింగ్ సరిగా లేక తిరిగొచ్చిన ట్రక్కు రిపేరు గంటలను ఆ ట్రక్కు గంటలకే కలపాలి.

డెలివరీ మాట ఇచ్చేటప్పుడు కూడా కర్వ్ అవసరమే. వారానికి ఆరు రోజులు, 240 పనిగంటలు. సగటు 65 గంటలు కాబట్టి వారానికి దాదాపు నాలుగు ట్రక్కులు ఇస్తామని ఒప్పుకుంటే, మొదటి వారంలో చేతికొచ్చేవి రెండే. తర్వాతి మూడు వారాల్లో నాలుగేసి, అయిదో వారం మొదటి రెండు రోజుల్లో చివరి రెండు. మొత్తం గడువు సరిపోతుంది. మొదటి వారం మాత్రం అనవసరమైన టెన్షన్, ఆలస్యానికి కోత ఉంటే డబ్బు నష్టం.

ఇంత లెక్కా ఒక షరతు మీద నిలబడి ఉంది. అదే మనుషులు, ఆపకుండా, అదే పని చేయాలి. రెండు జిల్లాల్లో చిన్న పరిశ్రమలకు ఈ షరతు నిలబెట్టుకోవడమే కష్టం. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో తెలియదు. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు హోలీకో, ఛఠ్ పండక్కో వెళ్లి, ఇంకో చోట వంద రూపాయలు ఎక్కువిస్తే అటే ఉండిపోతారు. చెయ్యి తిరిగిన వెల్డర్‌తో పాటు అతని చేతిలో ఉన్న కర్వ్ కూడా గేటు దాటిపోతుంది. పెద్ద కంపెనీలకూ ఈ దెబ్బ తగిలింది. లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానం దీనికి పేరుపడిన ఉదాహరణ. 1970ల మధ్యలో ఉత్పత్తి తగ్గించి, తర్వాత మళ్లీ పెంచేసరికి విమానానికి పట్టే పనిగంటలు పెరిగాయి. 250 విమానాలు తయారుచేశాక లాభం చూడకుండానే ఆ ప్రాజెక్టు ముగిసింది.

మన షెడ్డుకు అదే పార్టీ మరో 16 ట్రక్కులు అడిగిందనుకుందాం. విరామం లేకుండా అదే టీమ్ చేస్తే పదిహేడో ట్రక్కు నుంచి ముప్పై రెండో ట్రక్కు దాకా లెక్క 760 గంటలు. టీమ్ మొత్తం కొత్తదైతే మళ్లీ మొదటికొచ్చి 1,038 గంటలు. నిజం సాధారణంగా ఈ రెండింటి మధ్య ఉంటుంది. దాన్ని అంచనా వేయడానికి అమెరికా రక్షణ కాంట్రాక్టుల్లో ఆండర్లోర్ పద్ధతి అని ఒకటి వాడతారు. పనివాళ్లలో ఎంతమంది మిగిలారు, మేస్త్రీ మారాడా, పని ఎన్నాళ్లు ఆగింది, ఫిక్చర్లు అలాగే ఉన్నాయా, పని పద్ధతి మారిందా అనే అయిదు విషయాలు చూసి, నేర్చుకున్నదాంట్లో ఎంత శాతం పోయిందో తేలుస్తారు. ఆగకపోతే పదిహేడో ట్రక్కుకు 51.5 గంటలు పట్టేది. అంటే నేర్పు వల్ల మిగిలింది 48.5 గంటలు. రెండు నెలలు పని ఆగి, ఇద్దరు మారి, 40 శాతం నేర్పు పోయిందనుకుంటే 19.4 గంటలు తిరిగి కలుస్తాయి. మొదలయ్యే గంటలు సుమారు 71. ఇది పాత కర్వ్ మీద నాలుగో ట్రక్కు దగ్గరి స్థానం. అక్కడి నుంచి 16 లెక్కపెడితే 928 గంటలు. ఆగకుండా చేసిన లెక్క కంటే రూ.25,200 ఎక్కువ. 'పోయినసారి రేటుకంటే తగ్గించండి' అని పార్టీ అడిగినప్పుడు, ఆర్డర్ ఎప్పుడు ఇస్తారన్నదాన్ని బట్టి రేటు ఉంటుందని చెప్పడానికి ఈ అంకె చేతిలో ఉండాలి. నెలలోపు ఇస్తే ఒక రేటు, వేసవి దాటాక ఇస్తే ఇంకో రేటు.

చివరగా కూలి సంగతి. తగ్గిన గంటల లాభం ఎవరికి చెందాలన్నది లెక్కకు బయటి విషయంలా కనిపిస్తుంది, కానీ కర్వ్ నిలబడేదీ కూలేదీ అక్కడే. స్పీడ్ చూపిస్తే రేటు కోస్తారని పీసు రేటు మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే చాలా చోట్ల మనుషులు చేయగలిగినంత వేగంగా చేయరు. రిజిస్టర్‌లో కనిపించే కర్వ్ వాళ్ల చేతుల్లో ఉన్న కర్వ్ కాదు. దీనికి తేలికైన దారి, మొదటి నాలుగు ట్రక్కులకు రోజు కూలి ఇవ్వడం. నేర్చుకునే రోజుల భారం పనివాళ్ల మీద పడదు. అయిదు నుంచి పదహారు దాకా సగటు 58.6 గంటలు కాబట్టి, ట్రక్కుకు రూ.8,800 పీసు రేటు పెట్టి, ఆ ఆర్డర్ అయ్యేదాకా ముట్టుకోకుండా ఉంచాలి. అయిదో ట్రక్కుకు గంటకు రూ.128 పడుతుంది, పదహారో ట్రక్కుకు రూ.168 దాటుతుంది.

రెండో ఆర్డర్‌లో సగటు 47.5 గంటలకు దిగుతుంది. గంటకు రూ.150 లెక్కన కోసేస్తే రేటు రూ.7,125. దానికి బదులు రూ.8,000 ఇస్తే పనివాడికి గంటకు రూ.168 నిలుస్తుంది, యజమానికి పాత రేటు మీద ట్రక్కుకు రూ.800 మిగులుతుంది. పూర్తిగా కోయకపోవడం వల్ల యజమాని వదులుకున్నది 16 ట్రక్కులకు రూ.14,000. ఆ 14,000 కోసం రేటు కోస్తే, వెల్డర్లు పక్క షెడ్డుకు వెళ్లిపోతే, కొత్తవాళ్లతో అదనంగా పట్టేవి 278 గంటలు, రూ.41,700.